వ్రాయరాదనిన పుట

1943వ సంవత్సరము అక్టోబరు 4వ తేదీన, జర్మనీ కలుపుకొన్న పోలండు భూభాగమందలి పోజెన్ నగరమున, ఎస్.ఎస్. దళములకు అధిపతియగు హైన్రిఖ్ హిమ్లరు తన సేనానులను సమావేశపరచి గంటల తరబడి ప్రసంగించెను. యూదులను నిర్మూలించుచున్న సంగతిని ఆనాడతడు దాపరికము లేకుండ పలికెను. పలికి, ఇది తమ చరిత్రలో వ్రాయబడని, ఎన్నటికిని వ్రాయబడబోని కీర్తిపుటయని చెప్పుకొనెను. చిత్రమేమనగా ఆ ప్రసంగము ధ్వనిముద్రణము చేయబడినది. యుద్ధానంతరము దాని పాఠము విజేతల చేతికి చిక్కి నూరెంబర్గు న్యాయస్థానమున సాక్ష్యముగా దాఖలైనది.

పుట వ్రాయబడకుండుటకై వారు మాటలతో సరిపెట్టుకొనలేదు. 1942 మొదలుకొని పాల్ బ్లోబెల్ అను నధికారి క్రింద ప్రత్యేక దళములేర్పడి, తూర్పు దేశములలో గోతులయందు పూడ్చిన శవములను త్రవ్వించి, కట్టెలపై పేర్పించి కాల్పించి, మిగిలిన యెముకలను పిండి చేయించినవి. ఈ పని చేయించినది ఖైదీల చేతనే. పని ముగిసిన పిదప ఆ ఖైదీలను గూడ చంపిరి. చంపుటయు, చంపినట్లు తెలియకుండ జేయుటయు ఒకే కార్యక్రమములోని రెండు భాగములు. కావుననే ఈ సంహారచరిత్రమును వ్రాయుట పండితుల తీరికవేళల వ్యాసంగము కాలేదు. సుమారు అరువది లక్షల మంది యూదులు హతులైన ఆ ఘోరమును గూర్చి నేడు మన మింత నిశ్చయముగా మాటాడగలుగుచున్నామనగా, అందులకు కారకులెవరో, వారెట్టి స్థితిలో పనిచేసిరో పాఠకులకు నివేదింపదలచితిమి.

మొట్టమొదట వ్రాసినవారు చావబోవుచున్నవారే.

ఇమాన్యుయేల్ రింగెల్‌బ్లుమ్ 1900లో జన్మించిన చరిత్రకారుడు. వార్సా విశ్వవిద్యాలయమున 1927లో డాక్టరు పట్టము పొందెను. మధ్యయుగములందు ఆ నగరపు యూదులెట్లు జీవించిరన్నది ఆయన పరిశోధించిన విషయము. 1940 నవంబరులో జర్మనులు ఆ నగరమందలి యూదులనందరిని ఒక మూలకు నెట్టి, చుట్టును గోడ కట్టి, ద్వారములు మూసిరి. మూడున్నర చదరపు కిలోమీటర్లకు లోబడిన ఆ తావున నాలుగు లక్షలకు పైబడిన జనము చిక్కుకొనిరి. ఆకలి, విషజ్వరము దినదినమును పదుల కొలది ప్రాణములను తీయుచుండెను. ఆ మాసముననే రింగెల్‌బ్లుమ్ కొందరు మిత్రులను కూడదీసి రహస్యముగా ఒక దస్తావేజుల భాండారమును నెలకొల్పెను. శనివారములందు కలిసికొనుచుండినందున దానికి ‘ఓనెగ్ షబ్బాత్’ అని పేరిడిరి. విశ్రాంతిదినానందమని దాని యర్థము.

అందు చేరినవారు యాబది అరువది మంది. వారిలో ఉపాధ్యాయులు, మతాచార్యులు, అర్థశాస్త్రజ్ఞులు, పత్రికారచయితలు కలరు. వారు సేకరింపని వస్తువు లేదు: ఆహారపు కార్డులు, ట్రాము టిక్కెట్లు, మిఠాయి కాగితములు, గోడపత్రికలు, రహస్యముగా అచ్చైన వార్తాపత్రికలు, బడిపిల్లలు వ్రాసిన వ్యాసములు. జావకేంద్రము నడపుచుండిన రాఖెల్ ఔఎర్‌బాఖ్ అను రచయిత్రి, తానన్నము పెట్టినవారు ఆ యన్నముతో బ్రతుకలేక ఒక్కొక్కరే యెట్లు రాలిపోయిరో వ్రాసెను. రింగెల్‌బ్లుమ్ పెట్టిన నియమమొకటి మాకు మిక్కిలి గొప్పదిగా తోచుచున్నది. తమవారి తప్పులను కప్పిపుచ్చరాదనుటయే ఆ నియమము. ఘెట్టోలోని యూద పోలీసుల క్రౌర్యమును, లంచములను, దొంగబేరములను గూడ వ్రాయించెను. మెడపై కత్తియున్నవాడు తన జాతిని గూర్చి స్తోత్రము వ్రాసికొన్నచో ఎవరును తప్పుపట్టరు. ఆయన స్తోత్రము వ్రాయింపలేదు.

1942 జనవరిలో ఖెల్మ్‌నో అను గ్రామమునుండి ఒకడు తప్పించుకొని వచ్చెను. అచ్చట 1941 డిసెంబరు 8వ తేదీనుండి మనుష్యులను మూసిన బండ్లలో నెక్కించి విషవాయువుతో చంపుచుండిరి. శవములను పూడ్చు పనికి అతనిని పెట్టిరి. భాండారము వారతని వాఙ్మూలమును సమగ్రముగా వ్రాసికొని, పోలండు రహస్యోద్యమము వారి మూలమున విదేశములకు పంపిరి. ఆ యేడు జూన్ మాసమున లండను రేడియో పోలండు యూదుల సంహారమును గూర్చి ప్రసారము చేసెను. లోకము విన్నది. విని యేమి చేసినదను విషయమై వేరుగా చరిత్రములు వెలువడినవి.

1942 జూలై 22 మొదలు సెప్టెంబరు 21 వరకు, రెండు మాసములలో, వార్సా ఘెట్టోనుండి రెండు లక్షల అరువది వేలకు పైబడిన జనమును రైళ్లలో ట్రెబ్లింకాకు తరలించి చంపిరి. ఆ తరలింపు జరుగుచుండగనే, ఆగస్టు 3వ తేదీన, ఇజ్రాయెల్ లిఖ్టెన్‌ష్టైన్ అను ఉపాధ్యాయుడును, పందొమ్మిదేండ్ల డేవిడ్ గ్రాబెరును, మఱియొక యువకుడును కలిసి నొవొలిప్కి వీధిలోని బడి నేలమాళిగలో పది రేకు పెట్టెలు పాతిపెట్టిరి. పాతుటకు ముందు ముగ్గురును తమ తమ మరణశాసనములు వ్రాసి అందులో నుంచిరి. గ్రాబెరు తనకై ఏమియు కోరలేదు. ఈ నిధి ఎవరికైనను దొరకి, లోకమునకు నిజము తెలిసిన చాలునని వ్రాసెను. 1943 ఫిబ్రవరిలో రెండు పాలడబ్బాలలో నింపి రెండవ భాగమును పాతిరి.

రింగెల్‌బ్లుమ్, ఆయన భార్య, కుమారుడు నగరమున ఒక తోట క్రింది నేలమాళిగలో దాగియుండగా 1944 మార్చిలో జర్మనులు కనిపెట్టి, దాచిన పోలండువారితో సహా పట్టుకొని చంపిరి. ఓనెగ్ షబ్బాత్ వారిలో యుద్ధము దాటి బ్రతికినవారు ముగ్గురే. కార్యదర్శి హెర్ష్ వాసెర్, ఆయన భార్య బ్లూమా, రాఖెల్ ఔఎర్‌బాఖ్. వాసెర్ గుర్తులు చెప్పగా, శిథిలముల గుట్టయైయున్న ఆ వీధిలో 1946 సెప్టెంబరున పది పెట్టెలను త్రవ్వి తీసిరి. నీరు చొచ్చి కాగితములు ముద్దలైయుండెను. ఒక్కొక్క పుటను విడదీసి యారబెట్టిరి. పాలడబ్బాలు 1950 డిసెంబరులో కూలీల గునపములకు తగిలినవి. మొత్తము ముప్పదియైదు వేల పుటలు. 1999లో యునెస్కో వారు ఈ భాండారమును ప్రపంచ స్మృతి పట్టికలో చేర్చిరి.

చచ్చినవారు వ్రాసిన సంగతి ఇది. చంపినవారికి మాటలు సమకూర్చిన పండితులను గూర్చియు చెప్పక తప్పదు.

యూదద్వేషము ఐరోపాలో ప్రాచీనము. 1096లో మొదటి మతయుద్ధమునకు బయలుదేరిన మూకలు రైను నదీతీరమందలి యూదులను చంపినవి. 1290లో ఇంగ్లండు, 1492లో స్పెయిను వారిని వెడలగొట్టినవి. 1348లో మహామారి రాగా, బావులలో విషము కలిపిరని నింద మోపి ఊళ్లకు ఊళ్లు తగులబెట్టిరి. ఈ ద్వేషము మతమునకు సంబంధించినది. బాప్తిస్మము పొందినవానికి తప్పించుకొను త్రోవ యొకటి సాధారణముగా నుండెడిది. పందొమ్మిదవ శతాబ్దమున ఆ త్రోవను మూసినవారు చదువుకొన్నవారు. 1879లో విల్హెల్మ్ మార్ అను జర్మను పత్రికారచయిత ‘సెమిటిక్ వ్యతిరేకుల సమితి’ యని యొక సంఘము స్థాపించి, యూదుని నేరము వాని మతమునందు గాక రక్తమునందే కలదని బోధించెను. సెమిటిక్ అను పేరు అంతకు నూరేండ్ల క్రిందట, 1781లో, ష్లోట్సరు అను పండితుడు హీబ్రూ, అరబీ మొదలగు భాషల కుటుంబమునకు పెట్టినది. భాషకు పెట్టిన పేరును మనిషి నెత్తుటికి అంటగట్టిరి.

దానికి ఎదురుగా నిలిపిన పేరు మనది. ఆర్య శబ్దమునకు మన వాఙ్మయమున పూజ్యుడు, సదాచారుడు అని యర్థము. సంస్కృత నాటకములలో భార్య భర్తను ‘ఆర్యపుత్ర’ యని పిలుచును. సర్ విలియం జోన్స్ 1786లో కలకత్తాలో సంస్కృతమునకును, గ్రీకు లాటిను భాషలకును గల చుట్టరికమును ప్రకటించినది మొదలు ఐరోపా పండితులు ఈ శబ్దమును భాషాశాస్త్రమున వాడసాగిరి. ఫ్రెంచి గ్రంథకర్త గోబినో 1853లో ప్రారంభించిన గ్రంథమున దానిని రక్తమునకు ముడిపెట్టెను. ఋగ్వేదమును సభాష్యముగా ముద్రించిన మాక్సుముల్లరు, తానును ఒకప్పుడు ఆర్యజాతియని వ్రాసినవాడే యైనను, ఈ పదము భాషకే చెల్లును, రక్తమునకును కపాలమునకును చెల్లదని 1888లో తీవ్రముగా మందలించెను. ఆ మందలింపును విన్నవారు లేరు. మన తెలుగు సంస్కృతజన్యము కాదని మద్రాసులో ఎల్లిసు దొర 1816లో నిరూపించెను. అందుచే తెలుగువాని భాషాచరిత్రము తేలినదే గాని వాని నెత్తురు రంగు తేలలేదు. ఇంత సులభమైన వివేకము జర్మనీలోని విశ్వవిద్యాలయములకు లోపించినది.

1933 ఏప్రిలు 7వ తేదీన హిట్లరు ప్రభుత్వము చేసిన శాసనము ‘ఆర్యులు కాని’ ప్రభుత్వోద్యోగులను తొలగింపవలెనని విధించెను. ఎవడు ఆర్యుడో, ఎవడు కాడో తెలియుటెట్లు? రక్తమును పరీక్షించి చెప్పగల వైద్యుడు లేడు. కాబట్టి తాతలు, అమ్మమ్మలు ఏ మతమువారో చూచిరి. చర్చీల బాప్తిస్మ పట్టికలు వెదకిరి. 1935 నవంబరు నాటి నిబంధన ప్రకారము తాత, అమ్మమ్మ, నాయనమ్మలలో ముగ్గురు యూదమతస్థులైనచో మనుమడు యూదుడు. మతముతో పనిలేదు, రక్తమే ప్రమాణమని చాటినవారు రక్తమును కనుగొనుటకు మతమునే యాశ్రయించిరి. ఈ వైపరీత్యమును చరిత్రకారులు తరువాత చూపిరి. ఆనాటి న్యాయశాస్త్రపండితులకు కనబడలేదు. ట్రైచ్కె యను ప్రఖ్యాత చరిత్రకారుడు 1879లో యూదులే తమ దౌర్భాగ్యమని వ్రాసిన వాక్యమును నాజీ వారపత్రిక ‘స్ట్యూర్మర్’ మొదటి పుటపై అచ్చువేసికొనుచుండెను. దాని ప్రకాశకుడు యూలియస్ స్ట్రైఖరు సేనలు నడపినవాడు కాడు, శిబిరములు కట్టించినవాడు కాడు. అచ్చువేసిన ద్వేషమునకే 1946లో నూరెంబర్గున ఉరికంబమెక్కెను. పత్రికావృత్తిలో నున్నవారము గనుక ఈ తీర్పును మేము తరచుగా తలంచుచుందుము.

యుద్ధము ముగిసిన మరుసటి యేటనే, 1946లో, మాక్స్ వైన్‌రైఖ్ అను యూద భాషాపండితుడు ‘హిట్లరు ఆచార్యులు’ అను గ్రంథమును వెలువరించి, ఏ యే పండితులు ఈ పాపమునకు శాస్త్రముసుగు వేసిరో పేరు పేరున చూపెను. జాతిసంహారమును సూచించు ‘జెనోసైడ్’ అను మాటను అంతకు రెండేండ్ల ముందు, 1944లో, పోలండు యూదుడగు రఫాయెల్ లెమ్కిన్ అను న్యాయవాది సృష్టించియుండెను. అందలి గ్రీకు పదము ‘గెనోస్’ మన సంస్కృత ‘జనస్’ శబ్దమునకు తోబుట్టువు. భాషాశాస్త్రము ఈ పర్యాయము మంచిపనికి వచ్చినది.

ఐనను సమగ్రమైన చరిత్ర వెలువడుటకు 1961 వరకు వేచియుండవలసివచ్చెను. రౌల్ హిల్బెర్గ్ 1926లో వియన్నాలో జన్మించి, బాల్యముననే తల్లిదండ్రులతో పారిపోయి అమెరికా చేరెను. కొలంబియా విశ్వవిద్యాలయమున ఈ విషయమును పరిశోధింతుననగా, ఆచార్యుడు ఫ్రాంజ్ నోయ్‌మన్ ఒప్పుకొనుచునే, నీ గోయి నీవే త్రవ్వుకొనుచున్నావని హెచ్చరించెను. అది అతిశయోక్తి కాదు. ఆ దినములలో ఈ విషయమును వినువారు లేరు. జర్మనీ మిత్రరాజ్యమైనది; బ్రతికి బయటపడినవారు కొత్తచోట్ల కుదురుకొను తంటాలలో నుండిరి. గ్రంథమును పెక్కు ప్రచురణసంస్థలు నిరాకరించినవి. అమరుల స్మృతికై 1953లో యెరూషలేమున నెలకొన్న యాద్ వషేమ్ సంస్థయు తిప్పిపంపెను. తుదకు షికాగోలోని ఒక చిన్న సంస్థ ప్రచురించినది.

హిల్బెర్గ్ చూపినదేమి? ఇంతటి సంహారము కొందరు క్రూరుల యావేశమువలన జరుగలేదు, కచేరీలవలన జరిగినదని చూపెను. మొదట యూదుడన నెవడో నిర్వచించుట, పిదప ఉద్యోగమును, ఆస్తిని హరించుట, పిదప ఒకచోట చేర్చుట, కడపట చంపుట. ప్రతి మెట్టునను ఒక గుమాస్తా, ఒక దస్త్రము, ఒక సంతకము. పూర్వము గ్రామకరణము కలమునకు ఎంత బలముండెడిదో భూస్వాములైన మన పాఠకులెరుగుదురు. ఒక గీటుతో భూమి చేతులు మారెడిది. అట్టి కలములు ఒక రాజ్యమంతట ఒకే దిక్కునకు కదలినవి. రైల్వేవారి లెక్కలను గూర్చి హిల్బెర్గ్ బయటపెట్టిన సంగతులు చదువుచున్నపుడు చేయి వణకును. మరణశిబిరములకు పంపబడినవారిని జర్మను రైల్వేశాఖ ప్రయాణికులుగానే లెక్కించినది. మూడవ తరగతి ఛార్జీ, కిలోమీటరునకు నాలుగు ఫెనిగులు. పదేండ్లలోపు పిల్లలకు సగము. నాలుగేండ్లలోపు వారికి ఉచితము. నాలుగు వందలు దాటిన గుంపైనచో విహారయాత్రికులకిచ్చు తగ్గింపు. కావలిభటులకు రానుపోను టిక్కెట్లు. తక్కినవారికి పోవు టిక్కెట్టు మాత్రమే. సొమ్ము కట్టినది పోలీసుశాఖ. ఆ సొమ్మునకు మూలము యూదులనుండి గుంజుకొన్న ఆస్తి.

ఇట్టి కచేరీ దస్త్రములలో ఒకటి యెట్లు దొరకినదో చూడుడు. 1942 జనవరి 20వ తేదీన బెర్లిను శివారు వాన్‌జే సరస్సు నొడ్డున పదునైదుగురు ఉన్నతాధికారులు సమావేశమై యూదుల కడపటి గతిని గూర్చి యేర్పాట్లు చర్చించిరి. వారిలో సగమునకు పైబడినవారు డాక్టరు పట్టభద్రులు. దేశదేశముల యూదుల సంఖ్యలను వరుసగా వేసి మొత్తము కోటి పదిలక్షలకు పైగా తేల్చిన పట్టిక యా సమావేశపు నివేదికలో కలదు. నివేదికకు ముప్పది ప్రతులు తీసిరి. తక్కినవి కనుమరుగుకాగా పదునారవ ప్రతి యొక్కటి జర్మను విదేశాంగశాఖ కాగితములలో 1947లో బయటపడినది.

పుటను వ్రాయనీయనివారు జర్మనులొక్కరే కారు. కీవు నగరము చెంత బాబియార్ లోయలో 1941 సెప్టెంబరు 29, 30 తేదీలలో 33,771 మంది యూదులను కాల్చిచంపినట్లు హంతకుల నివేదికయే చెప్పుచున్నది. సోవియట్ దేశమందలి ఇట్టి సంహారముల సాక్ష్యములను ఎహ్రెన్‌బుర్గ్, గ్రోస్‌మన్ అను రచయితలు ‘నల్లగ్రంథము’ పేర సంకలనము చేయగా, 1948లో స్టాలిను ప్రభుత్వము దాని యచ్చును నిలిపివేసి అక్షరములను చెదరగొట్టించెను. 1976లో బాబియార్ వద్ద ప్రభుత్వము నిలిపిన స్మారకమున యూదుల పేరే లేదు. సోవియట్ రాజ్యము 1991లో కూలినపిదప ఆ దేశపు దస్తావేజులు తెరువబడి, తుపాకులకు బలియైనవారి చరిత్ర స్పష్టమైనది.

చరిత్రకారులలో మతభేదములు లేకపోలేదు. సంహారము హిట్లరు ఆదినుండి పన్నిన పన్నాగమని కొందరు, యుద్ధగతిలో అధికారుల పోటీలవలన మెట్టుమెట్టుగా పెరిగినదని కొందరు వాదించిరి. రెండవ పక్షమున ప్రముఖుడైన హాన్స్ మోమ్‌జెన్, 1880లో ట్రైచ్కెను ధైర్యముగా ఖండించిన మహాచరిత్రకారుడు థియొడోర్ మోమ్‌జెన్‌కు మునిమనుమడు. అంతకంటె సూక్ష్మమైన వివాదము మఱియొకటి కలదు. హాంబుర్గునుండి వచ్చిన 101వ రిజర్వు పోలీసు పటాలములోని సుమారు ఐదువందలమంది నడివయస్సు సంసారులు 1942 జూలై 13న జోజెఫోవ్ గ్రామమున దాదాపు పదునైదువందల మంది యూదులను కాల్చిరి. ఇష్టము లేనివారు తప్పుకొనవచ్చునని నాయకుడు ముందుగా చెప్పియుండెను. వెంటనే ముందుకు వచ్చినవారు పదిపండ్రెండు మంది. ఆ పటాలమువారు తరువాత న్యాయవిచారణలో చెప్పిన వాఙ్మూలములను చదివి క్రిస్టఫర్ బ్రౌనింగ్ 1992లో వీరు సామాన్యులు, తోటివారికి జంకి, ఆజ్ఞకు లొంగి హంతకులైరనెను. అవే వాఙ్మూలములను చదివి డానియెల్ గోల్డ్‌హాగెన్ 1996లో ఇది సామాన్యత కాదు, తరతరముల జర్మను యూదద్వేషమనెను. మాకు బ్రౌనింగ్ వాదమే బలముగా తోచుచున్నది. ఏలయన జర్మనులు కాని సహాయకులును అట్లే చంపిరి. కాని గోల్డ్‌హాగెన్ ప్రశ్న కొట్టివేయదగినది కాదు. సంకోచము సామాన్యమే యైనచో, ఆ సంకోచమునకు బలియైనవారు ప్రతిసారి యూదులే యేల?

హిల్బెర్గ్ హంతకుల దస్త్రములనే నమ్ముకొని బాధితుల వ్రాతలను చిన్నచూపు చూచెనను విమర్శ కలదు, అది న్యాయమైనదే. 1997లోను 2007లోను రెండు సంపుటములుగా వెలువడిన సౌల్ ఫ్రీడ్‌లాండరు గ్రంథమున ఆ లోపము తీరినది. బాల్యమున ఫ్రాన్సులో దాగి బ్రతికి, తల్లిదండ్రులను కోల్పోయిన ఆ చరిత్రకారుడు కచేరీ యుత్తరువు ప్రక్కనే దినచర్య వ్రాసికొన్నవాని గొంతును నిలిపెను.

ఇంత జరిగియు, సంహారమే జరుగలేదనువారు పుట్టిరి. వారిలో ఇంగ్లీషు గ్రంథకర్త డేవిడ్ ఇర్వింగ్, తన్నట్లు వర్ణించినందులకు అమెరికా ఆచార్యురాలు డెబొరా లిప్‌స్టాట్ మీదను ఆమె ప్రచురణకర్తల మీదను లండనులో పరువునష్టపు వ్యాజ్యము వేసెను. ఇంగ్లీషు చట్టము ప్రకారము తాము వ్రాసినది సత్యమని ప్రతివాదులే రుజువు చేయవలెను. రిచర్డ్ ఎవాన్స్ అను చరిత్రకారుడు సహాయకులతో రెండేండ్లు కూర్చుండి, ఇర్వింగ్ గ్రంథములలోని సూచికలను మూలపత్రములతో సరిచూచెను. తేదీలు మార్చుట, వాక్యములు వదలుట, అనువాదము వంకరచేయుట బయటపడినవి. పొరపాట్లన్నియు హిట్లరునకు అనుకూలముగానే యుండెను. 2000 ఏప్రిలు 11న న్యాయమూర్తి గ్రే, ఇర్వింగ్ బుద్ధిపూర్వకముగా సాక్ష్యములను వక్రీకరించెనని, అతడు యూదద్వేషియని తీర్పు చెప్పెను. మృతులు 51 లక్షలని హిల్బెర్గ్, 60 లక్షలకు చేరువయని పెక్కురు లెక్కించుటను ఇట్టివారు వైరుధ్యముగా చూపుదురు. పంటలెక్కలో పుట్టి తూము తేడా వచ్చినంతమాత్రమున పొలమే లేదనువాడుండునా?

యాద్ వషేమ్ సంస్థ మృతుల పేర్లను ఒక్కొక్కటిగా సేకరించుచున్నది. 48 లక్షలకు మించిన పేర్లు తేలినవి. రింగెల్‌బ్లుమ్ మిత్రులు కలిసికొనిన గ్రంథాలయ భవనమున నేడు వార్సా యూద చరిత్ర సంస్థ యున్నది; 1950లో దొరకిన పాలడబ్బాలలో నొకటి అచ్చట కానవచ్చును. 1943 ఏప్రిలులో, ఘెట్టో తిరుగుబాటునకు కొలదిగా ముందు, మూడవ భాగమును గూడ పాతిపెట్టిరని చెప్పుదురు. దానికై వెదకిరి. ఇంకను దొరకలేదు.